ఇంజను లేని నాలుగు రోజులు

పిల్లలూ, మీరు భిలాయిలోనే పుట్టి పెరుగుతున్నారు కాబట్టి బుచ్చిరాములు సంగతి మీకు తెలిసే దారి లేదు. 1967 వానాకాలంలో, తార్నాకలో మా నాన్న ఆనందరావుగారి ఇంటి వరండాలో అతను చెప్పింది విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఎక్కడైనా నమ్మశక్యంగా లేకపోతే ఆ తప్పు అతనిది, నాది కాదు.

బుచ్చిరాములుది అడిక్‌మెట్. యూనివర్సిటీ తోటల విభాగంలో పాత పికప్ బండి నడిపేవాడు. టెంపరరీ ఉద్యోగం, ఆ నెలాఖరుకు పొడిగించాలి. సోమవారం వానలో ఇంజను సరిగా కొట్టుకోక బండి కుదుపులు పెడితే, మెకానిక్కులు అనే మాటే తీసుకుని బండి లాగ్‌బుక్కులో 'ఇంజన్ మిస్సింగ్' అని రాశాడు. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుకు బండ్ల సంగతి తెలియదు. అది చదివి ఇంజను పోయిందనుకున్నాడు. గురువారం మెమో పంపాడు: 'సోమవారము నుండి ఇంజను లేని బండిని డ్రైవరు నాలుగు దినములు ఏ విధముగా నడిపెను? రేపు పది గంటలలోగా రాతపూర్వకముగా తెలుపనిచో ఉద్యోగము పొడిగింపబడదు.'

నాన్న ఆ ఆఫీసులోనే గుమాస్తా. జవాబు తానే పద్ధతిగా రాసిపెడదామని ఆ సాయంత్రం రాములును ఇంటికి పిలిచారు. పక్కింటి ఈశ్వరయ్యగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఆయనది అనంతపురం, స్టోర్సులో పని. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. నాన్న కాగితం పరిచి కలం మూత తీశారు.

"జరిగింది జరిగినట్టు చెప్పు రాములూ."

"రాస్కోండ్రి సార్. సోమవారం పొద్దుగాల బండి స్టార్ట్ చేసిన. డుగ్, డుగ్, డుగ్ అన్నది, నాలుగోది లేదు. నాలుగు సిలిండర్ల బండి గదా, ఒకటి పనిచేస్తలేదని చెవితోనే పట్టిన. గని ఏదో తెల్వాలె గదా? ఒక్కొక్క ప్లగ్గు వైరు పీకి చూసిన. మొదటిది పీకితే ఇంజన్ ఆగబోయింది, అంటే అది మంచిగున్నది. రెండోది అంతే, మూడోది అంతే. నాలుగోది పీకితే ఏ ఫరక్ లేదు. దొరికిండు దొంగ!"

"ఇది బాగుంది," అని నాన్న ఒక వాక్యం రాసుకున్నారు.

"ఆగుండ్రి సార్, అసలు కథ ఇప్పుడున్నది. వైరుల కరెంటు వస్తున్నదా లేదా చూడాలె. వేరేటోళ్లయితే స్క్రూడ్రైవర్ పెడ్తరు. నేను చెయ్యి పెట్టిన."

(పిల్లలూ, మీరు ఎప్పుడూ ఏ వైరునూ చేత్తో ముట్టుకోవద్దు. బండి ఆపి ఉన్నా సరే.)

"షాక్ కొట్టలేదాప్పా?" అన్నారు ఈశ్వరయ్యగారు.

"నాకెందుకు కొడ్తది సార్? నన్ను చూసి కరెంటే ఎనక్కి జరిగింది. జరిగిన కరెంటు బ్యాటరీల పట్టక హారన్ దానంతటదే మోగింది. గా చప్పుడుకు పక్క బడి మాస్టర్లు గంట కొట్టిన్రనుకొని పిల్లల్ని ఇడిసిపెట్టిన్రు."

"ఎన్ని క్లాసులు?" అన్నారు నాన్న.

"మూడు."

"సరే, కానీ."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొక్కలు ఎండుతున్నయ్, బండి తియ్యాలె..."

"వానలో ఎండాయా?" అన్నారు నాన్న.

"లోపల్లోపల ఎండినయ్ సార్. మూడు సిలిండర్లతోని ఎట్ల పోతది? అందుకని నాలుగోదాని పని నేనే ఎత్తుకున్న. ఇంజన్ డుగ్, డుగ్, డుగ్ అంటది, నేను నోటితోని డుగ్ అంట. తార్నాక దాంక బండి మస్తుగ పోయింది. చౌరస్తా కాడ పోలీసాయన ఆపి ఏందని అడిగిండు. నేను జవాబు చెప్పలే. చెప్తే ఒక డుగ్గు పోతది గదా?"

ఈశ్వరయ్యగారు తల ఊపారు. అందులో తప్పేమీ కనిపించలేదేమో.

"గాడ మొదలైంది సార్ పరేషానీ. నేను మంచిగ కొడుతున్ననని చూసి మిగిలిన మూడూ సుస్తీ పడ్డయ్. ముందుగాల ఒకటి బంద్, తర్వాత ఇంకోటి. అడిక్‌మెట్ చడావు ఎక్కేకాడికొచ్చేసరికి నాలుగూ నేనే! ఇంక తాళం ఉంచి ఏం ఫాయిదా? తీసి జేబుల ఏసుకున్న. పట్టాల పక్కన పోతుంటే రైలు డ్రైవర్ నా చప్పుడు ఇన్నడు, ఎదురుంగ ఇంకో ఇంజన్ వస్తున్నదని రైలే ఆపిండు."

"పెట్రోలు?"

"ఖర్చయితే గదా సార్? ఉల్టా పెరిగింది. పొద్దుగూకేసరికి ట్యాంకు పొంగింది. మంగళవారం, బుధవారం, ఇయ్యాల, అన్ని రోజులు గట్లనే నడిపిన. ఎల్లమ్మతల్లి సాక్షి."

నాన్న రాయడం మానేసి చాలాసేపయింది. మెమో తీసి ఇంకోసారి చదువుకున్నారు.

"తాళం జేబులో వేసుకుని, ఇంజనుతో పని లేకుండా నాలుగు రోజులు బండి నడిపావంటావు."

"అవ్ సార్."

"సూపరింటెండెంటుగారు నీమీద మోపింది కూడా అదే. ఇది రాసిచ్చామంటే ఆయనకు వేరే రుజువు అక్కర్లేదు."

రాములు టీ గ్లాసు కింద పెట్టాడు.

"నెలాఖరు ఇంక ఆరు దినాలే ఉండాదప్పా," అన్నారు ఈశ్వరయ్యగారు. "ఇంట్లో నలుగురు బిడ్డలు."

అప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"సోమవారం పొద్దున వానలో తడుస్తూ వచ్చి, పాత చీర గుడ్డ అడిగి పట్టుకెళ్లావు. దేనికి రాములూ?"

"గది... ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతల తేమ చేరిందమ్మా."

"తుడిచావా?"

"తుడిచిన."

"తుడిస్తే?"

రాములు చెప్పులకేసి చూశాడు. "మంచిగైంది."

"ఎంతసేపట్లో?"

"జల్దీనే అమ్మా."

"మరి బాగయిందని పుస్తకంలో రాయలేదేం?" అన్నారు నాన్న.

"బాగైనదానికి రాసేటిదేముంటది సార్?"

నాన్న కొత్త కాగితం తీసుకున్నారు. 'సోమవారం వానకు డిస్ట్రిబ్యూటర్ మూతలో తేమ చేరి ఇంజను సరిగా పనిచేయలేదు. గుడ్డతో తుడిచాను. అప్పటినుంచి బాగా నడుస్తోంది.' పైకి చదివి వినిపించారు. రాములు ముఖం చిన్నబోయింది.

"గింతేనా సార్? జర రైలు సంగతన్న పెట్టుండ్రి."

"సంతకం పెట్టు."

పెట్టాడు. మర్నాడు ఆ కాగితం కిందనే సూపరింటెండెంటు రాశాడు: 'ఇంజను బండిలోనే ఉన్నట్లు తెలిసినది. డ్రైవరును కొనసాగించవచ్చును.'

ఇదీ జరిగింది. రాములును తెలిసినవాళ్లలో ఇది చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మీరు పెద్దయ్యాక మీ పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పండి, వాళ్లను కూడా ఇంకొకరికి చెప్పమనండి. ఒక్కటే మాట. అతను పెంచినదానిమీద మీరు ఇంకేమీ పెంచకండి, తగ్గించనూ వద్దు.