వంటింట్లో పచ్చ లైటు

హలో… ఆ, నేనే. ఆఫీసు ఫోన్ నుంచి చేస్తున్నా వదినా, అందుకే నంబరు కొత్తగా కనపడింది.

…

లేదు లేదు, ఏం కాలేదు. అందరం బాగానే ఉన్నాం. … గొంతా? ఏసీ. ఈ మిషన్ల గదిలో కాసేపు కూర్చుంటే చాలు, గొంతు పట్టేస్తుంది. అన్నయ్యకీ ఎప్పుడూ ఇలాగే ఉండేదిగా.

…

వంటింట్లో ఉన్నావా? … మంచిదే. ఆ స్టూలు లాక్కుని ఒకసారి కూర్చో. … చెప్తా, ముందు కూర్చో. … కూర్చున్నావా?

ఆ లైటు వెలుగుతోందా?

…

అదే, ఉప్పు డబ్బా పక్కన అన్నయ్య పెట్టిన పచ్చ లైటు.

…

తెలుసు. వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఆస్పత్రి సర్వర్లో అన్నయ్య లాగిన్ తెరిచే ఉంది కదా. మనిషి పోయాడని మనకి తెలుసు గానీ, దీనికేం తెలుసు? దీని లెక్కలో అన్నయ్య ఇంకా సీట్లోనే ఉన్నాడు.

…

ఆ… ఆ రోజు టీ తాగొస్తానని లేచాడు. మెట్ల మీదే… సరే, అదంతా ఇప్పుడెందుకు. లాగౌట్ మాత్రం చేయలేదు. అసలు ఎప్పుడు చేశాడు గనక! లైటేమో ఆఫీసులో ఉన్నాడంటుంది, మనిషేమో నీ ఎదురుగా చెప్పులు విప్పుతుంటాడు.

…

అదే, అదే! "మీరింకా ఆఫీసులోనే ఉన్నారుగా, లైటు ఆరాక వడ్డిస్తా" అన్నావు. నేనూ అక్కడే ఉన్నా. కడుక్కున్న చేతులు తుడుచుకుని, బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి, బుద్ధిగా లాగౌట్ చేసి మరీ కూర్చున్నాడు. … నవ్వు వదినా. నవ్వితే తప్పేం లేదు.

…

అవును మరి. నువ్వు వేడి చేయడం, తను రాకపోవడం, మళ్ళీ వేడి చేయడం. ఒకరోజు గిన్నె విసిరికొట్టావు, మర్నాడే ఆ లైటు బిగించాడు. లైటు ఆరిందంటే బయల్దేరాడని, స్టవ్ వెలిగించుకోవచ్చని. సారీ చెప్పడం చేతకాదు గానీ, వైర్లు కలపమంటే కలుపుతాడు.

…

వదినా… ఈ రోజు ఈ సర్వర్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

…

ఆ. ఆరిపోతుంది.

…

లేదు. మళ్ళీ వెలగదు.

…

వదినా? … ఉన్నావా?

…

నాకు తెలుసు. అందుకే నీకు చెప్పకుండా చేయలేకపోయా. … వచ్చే నెలకా? కుదరదు. … నిజమే, ఇన్నాళ్ళూ ఆపకుండానే నెట్టుకొచ్చా. చిన్న చిన్నవాటికి నడుస్తుండగానే అతుకు వేయొచ్చు, వేశా. కొంత నీ కోసం, కొంత నా కోసం కూడా. పొద్దున్నే వచ్చి తెర మీద అన్నయ్య పేరు చూసుకుంటే… ఏదో ధైర్యం. కానీ దీనికి అతుకు చాలదు. కెర్నెల్‌నే మార్చాలి.

…

కెర్నెల్ అంటే… మిషన్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రాం. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. అందులో ఒక కన్నం ఉంది. హాల్లో కాసేపు కూర్చుని పోదామని వచ్చినవాడు బీరువా తాళాలు జేబులో వేసుకుని వెళ్ళిపోయేంత కన్నం. … ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. దాన్ని పూడ్చే అప్‌డేట్ ఈ పొద్దున బయటికొచ్చింది. పూడ్చింది ఎక్కడో చూస్తే కన్నం ఎక్కడో తెలిసిపోతుందిగా? ఈపాటికి దొంగలందరూ అదే చదువుతుంటారు.

…

దీన్నొక్కదాన్నే వదిలేయమంటావా? ఇందులోనే కదా వదినా రక్తపరీక్షలన్నీ ఉన్నది! ఎవడో దూరి ఎవరిదో బ్లడ్ గ్రూపు మార్చేస్తే? అటు ఆపరేషన్ బల్ల మీద మనిషి పడుకుని ఉంటే? … ఆ. అదీ సంగతి.

ఒక్క నిమిషం, ఎవరో వచ్చారు.

—చెప్పండి మేడమ్. … చేతిలో ఉన్న శాంపిళ్ళు అయ్యేదాకా ఆగుతాను. … ఆ, ఎమర్జెన్సీ వాళ్ళకి చెప్పాను, కాసేపు కాగితం మీద రాసుకుంటామన్నారు. మీరు సరే అన్నాకే నొక్కుతా. … థాంక్స్ మేడమ్.

ఆ వదినా. ల్యాబ్ మేడమ్. వాళ్ళ పని అవ్వగానే… ఊఁ.

…

ఏంటి?

…

చేయొచ్చు. మిషన్ మళ్ళీ లేచాక అన్నయ్య లాగిన్‌తో నేనే లోపలికెళ్తే, నీ లైటు మళ్ళీ వెలుగుతుంది. … అనుకోకుండా ఎలా ఉంటా? పొద్దున్న అదే అనుకున్నా. గుట్టుచప్పుడు కాకుండా చేసేస్తే నీకు తెలిసేదే కాదు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ఆరి, వచ్చేసరికి వెలిగేది. … చేతులు రాలేదు. రేపటి నుంచి నువ్వు అన్నయ్య అనుకుని నన్ను చూస్తూ కూర్చుంటావు కదా.

కానీ నువ్వు చేయమంటే చేస్తా. నిజంగా. అడుగు, చేస్తా.

…

…

వద్దా.

…

ఆ. వట్టి లైటు అయిపోతుంది. కొట్లో కొన్న లైటు.

…

అలా అనకు వదినా. ఈ మిషన్ ఏం చేసింది పాపం. … తెలుసు, దాన్ని నువ్వు సవతి అనేదానివి. … ఆఖర్లో మరీనూ. తెలుసు. లైటు ఆరేసరికి నువ్వు నిద్రపోయేదానివి. మాటల్లేవు మీ ఇద్దరికీ. … ఏం చేస్తున్నారని అడిగితే ఏమన్నాడూ?

"చెప్పకూడదు."

…

నిజమే చెప్పాడు వదినా.

…

అదే చెప్తున్నా, విను. ఆ కన్నం ఉందన్నానే? దాన్ని కనిపెట్టింది అన్నయ్యే.

…

మన అన్నయ్యే. నాకూ ఈ పొద్దునే తెలిసింది. మా సర్వర్ అప్పుడప్పుడూ ఊరికే పడిపోయేది. పోనీలే పాతదైపోయిందని నేను వదిలేశా. అన్నయ్య వదల్లేదు. రోజూ పనయ్యాక కూర్చుని తవ్వుకుంటూ, తవ్వుకుంటూ అడుగుదాకా వెళ్ళాడు. కెర్నెల్ రాసేవాళ్ళకి చెప్పాడు. వాళ్ళు, పూడ్చే అప్‌డేట్ తయారయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు, చెబితే ముందు దొంగల చేతికి చిక్కుతుంది అన్నారు. అది వాళ్ళ పద్ధతి. అందుకే నీకు చెప్పలేదు. పక్క సీట్లో ఉన్న చెల్లెలికే చెప్పలేదు మహానుభావుడు!

…

ఎలా తెలిసిందంటే… అప్‌డేట్‌తో పాటు అందులో ఏం మార్చారో రాస్తారు. అది చదువుతున్నా. అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను. కనిపెట్టి చెప్పినది ఫలానావారని. అన్నయ్య పేరు. ఇంటిపేరుతో సహా.

…

తెలీదు. పోయాడని వాళ్ళకెలా తెలుస్తుంది? థాంక్స్ అని రాశారు పాపం.

…

ఎన్నంటే ఏం చెప్పను వదినా? మా ఆస్పత్రే కాదు. బ్యాంకులు, రైళ్ళు, ఎక్కడెక్కడి మిషన్లో. లెక్క నాకే తెలీదు. అన్నిటికీ ఇదే వెళ్తోంది ఈ రోజు.

…

…

నువ్వు తిట్టావని కాదు. నీకు తెలీదు కదా. ఎవరికి తెలుసు? నేనైతే "ఇంటికి పో అన్నయ్యా, వదిన తోలు తీస్తుంది" అనేదాన్ని. "ఇంకొంచెమే చెల్లాయ్, ఇది అయిపోతే నెల రోజులు లైటే వెలగదు, మీ వదిన ఆశ్చర్యపోవాలి" అనేవాడు.

…

అవును. అన్నాడు. ఒట్టు.

…

ఏడవకు… సరే, ఏడు. నేనెవర్ని వద్దనడానికి.

…

—ఆ మేడమ్? … అయిపోయాయా. సరే. సరే మేడమ్.

వదినా. ల్యాబ్ వాళ్ళు సరే అన్నారు.

…

ఉంటా. లైన్లోనే ఉంటా. … లైటు దగ్గరే నిలబడ్డావా? … సరే. నొక్కుతున్నా.

…

ఆగలేదు. ఒక ప్రశ్న అడుగుతోంది.

…

లోపల ఇంకొకరు లాగిన్ అయి ఉన్నారు, అయినా ఆపమంటావా అని. … ఆ. పేరు పెట్టే అడుగుతోంది.

…

నా వల్ల కావట్లేదు వదినా. నువ్వు చెప్పు.

…

…

ఇంకోసారి అను.

…

సరే. ఇంటికి పంపించేస్తున్నా.

…

నొక్కా. ఒక్కొక్కటే మూసుకుంటోంది. ఇంకా వెలుగుతోందా? … ఇంకా ఉందా? … ఆ, కొంచెం టైం పడుతుంది. … అదిగో, తెర నల్లబడింది. …

వదినా?

ఆరిందా?

…

…

ఏంటా చప్పుడు? … ఏం చేస్తున్నావ్?

…

స్టవ్వా.

…

ఆ. అవును. లైటు ఆరిందిగా.

…

అనుకోకుండా చెయ్యి వెళ్ళిపోయిందా… పోనీలే. అలవాటు కదా. … వద్దు, కట్టేయకు వదినా. వెలిగించావుగా, ఉండనీ. … ఎంత వండావు?

…

ఇద్దరికా.

…

రోజూ ఇద్దరికేనా? … మరి మిగిలింది? … పొద్దున్న నువ్వే తింటావా. నాకొక్క మాట చెప్పొచ్చుగా. వారం వారం వచ్చి ఎదురుగా కూర్చుని టీ తాగి పోతున్నా, మూత తీసి చూడలేదు నేను.

…

ఉండు. మిషన్ లేస్తోంది. … లేచింది. కొత్త కెర్నెలే. రిపోర్టులన్నీ ఉన్నాయి, ల్యాబ్ వాళ్ళకి కనపడుతున్నాయి. … ఆ. బాగానే ఉంది. అన్నయ్య చేసింది బాగానే ఉంది వదినా.

…

చూశా. తెర మీద నా పేరొక్కటే ఉంది.

…

గొంతా? … కాదు. ఏసీ కాదు.

…

సరే విను, భోజనాల వేళే కదా, ఇక్కడ ఇంకోసారి అంతా సరిచూసుకుని వచ్చేస్తున్నా. … ఆకలేస్తోంది, నిజంగానే. పొద్దున్నుంచి ఏం తినలేదు. … ఆ, వేడిగానే ఉంచు. దారిలో ఎక్కడా ఆగను.

…

చేస్తాలే తల్లీ. లాగౌట్ చేసే వస్తా. … ఆ. … పెట్టేస్తున్నా.