కిష్టమ్మ చదివిన ముగింపు

సభకు పెద్దగా కూర్చున్న ఫెసిలిటీస్ మేనేజరు విశ్వేశ్వరరావు గారికి, మీటింగు వదిలేసి వచ్చినవాళ్లకు, చెవిలో మీటింగు పెట్టుకునే వచ్చినవాళ్లకు, ముందు వరుసలో కొత్త చీరలు కట్టుకుని కూర్చున్న హౌస్‌కీపింగ్ అమ్మలకు, వీళ్లందరి మధ్య సిగ్గుపడుతున్న కిష్టమ్మకు నమస్కారం. (నవ్వులు)

ఈ బిల్డింగు కట్టేటప్పుడు ఇటుకలు మోసి, కట్టాక పద్దెనిమిదేళ్లు ఇదే బిల్డింగును తుడిచి, ఇవాళ రిటైరవుతున్న మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. హాస్య రచయితను కదా, నవ్విస్తాననుకున్నారు. కానీ నాకు ఈమెను చూస్తే కుళ్లు. ఆ మాట ముందే చెప్పేస్తే కొంచెం తేలికగా ఉంటుంది.

మూడేళ్ల కిందట నా కథల పుస్తకం అచ్చయినప్పుడు మన ఫ్లోరులో ఇరవై ఎనిమిది మందికి సంతకం చేసి ఇచ్చాను. ఆ వారంలోనే మానిటర్లన్నీ నాలుగు వేళ్లు ఎత్తు పెరిగాయి. (నవ్వులు) తల దించుకోకు గిరీష్, నీ మానిటరు కింది పుస్తకాన్నే కిష్టమ్మ బల్ల తుడుస్తూ చూసి నిన్ను అడిగి తీసుకుంది. నిజాంపేట ఇంట్లో మనవరాలు ప్రవళిక పక్కన కూర్చుని యాభయ్యో ఏట అక్షరాలు దిద్దుకున్న ఈమె, మధ్యాహ్నం బేస్‌మెంటు మెట్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పాక తోటివాళ్లకు రోజుకో కథ చదివి వినిపిస్తోందని తెలిసి, పొగడ్త వినాలన్న యావతో ఒకరోజు స్తంభం చాటున నిలబడ్డాను.

పుస్తకం కళ్లకద్దుకుని తెరిచింది. నేను పుస్తకం చదివితే పెళ్లికి వెళ్లిన దర్జీలాగా అందరి జాకెట్ల కుట్లూ చూస్తాను తప్ప పెళ్లి చూడను. దేవుడి మీద నాకు నమ్మకం లేదు, అది నా ఇష్టం. పుస్తకం మీద కూడా పోయింది, అది నా ఖర్మ.

ఆ రోజు కథ, ప్రమోషన్ వస్తే తలనీలాలిస్తానని మొక్కుకున్న బట్టతల ఇంజనీరుది. ప్రమోషన్ వస్తుంది, గుట్ట మీది గుడికి వెళ్తాడు, అతని నెత్తి చూసి వరుసలో జనమంతా పగలబడి నవ్వుతారు. నేను రాసింది అంతే. కిష్టమ్మ మాత్రం ఆగలేదు. ఇంకో పేజీ ఉన్నట్టే చదువుకుంటూ పోయింది.

"గుండు గీసే ఆయన నవ్వలే. కూసో బిడ్డా అన్నడు. నీళ్లతోని తల తడిపిండు. గా నున్నటి నెత్తి మీద కత్తి మెల్లగ నడిపిండు, చెవుల ఎనక గూడ ఇడ్వలే. నీ మొక్కు ముట్టింది, ఇగ పో బిడ్డా అన్నడు."

పక్కన కూర్చుని వింటున్న అంజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్తంభం చాటున నేనూ తుడుచుకున్నాను, కాకపోతే నావి ఓర్వలేని కన్నీళ్లు.

రెండో ముద్రణలో ఆ ముగింపు చేర్చాను. మీరంతా మెచ్చుకున్నది దాన్నే, మన స్వాతి క్యాంటీన్‌లో చదివి ఏడ్చింది దానికే, నేను రెండు సభల్లో శాలువా కప్పించుకున్నదీ దానికే. నిన్న కిష్టమ్మకు చెప్పాను, ఆ ముగింపు నీదమ్మా, దొంగిలించాను అని. తిడుతుందనుకున్నాను.

"నాదేంది సారూ, నీదేంది? గుండు గీసే ఆయన ఆడనే ఉండె. నువ్వు సూడలే, నేను సూసిన. గంతే."

తిట్టినా బాగుండేది. ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నాను, నా కథలో నిలబడ్డ మనిషి నాకు కనబడలేదు, ఆమెకు కనబడ్డాడు. అప్పుడు కూడా నాకు పశ్చాత్తాపం కలగలేదండీ, కుళ్లే పుట్టింది. మూడో ముద్రణలో ఆ పేజీ కింద కిష్టమ్మ పేరు ఉంటుంది. వద్దంటోంది, నేను వినను.

నన్ను మాట్లాడనిచ్చిన విశ్వేశ్వరరావు గారికి, ఓపిగ్గా విన్న మీకు కృతజ్ఞతలు. కిష్టమ్మా, నీకు విశ్రాంతి దొరికినందుకు సంతోషించాలి, నావల్ల కావడం లేదు. రేపటి నుంచి నా కథలు నేను ఆపేసిన చోటే ఆగిపోతాయి.

సెలవు.