పక్కగదిలో నా గొంతు

కాదు వదినా, నువ్వే చెప్పు. మీ అమ్మ నీకు ఫోన్ చేసి ఏమన్నారు? "నర్సమ్మ నా కోడల్ని ఆపేసింది" అన్నారు కదూ? ఆ మాట వినగానే ఉన్నపళంగా బయల్దేరి వచ్చేశావు. ఏ నర్సమ్మ అని ఒక్కసారైనా అడిగావా?

ఈ ఇంట్లో నర్సు ఎవరూ లేరు. ఆ నర్సమ్మని నేనే.

కూర్చో. ఆ కుర్చీ ఇటు లాక్కో, ఇంకాస్త దగ్గరికి. గట్టిగా మాట్లాడలేను. ఆపరేషన్ అయిందని నీకు తెలుసు గానీ ఇలా ఉంటుందనుకోలేదు కదూ? మిగిలిన గొంతు ఇంతే. చాటతో ఇసుక చెరిగినట్టు ఉంటుంది నాకే. నీ ఫోన్ ఎత్తకుండా మెసేజీలు పెడుతుంటే పొగరనుకున్నావేమో. ఆ వంటింటి తలుపు దగ్గరికి వెయ్యి. ఆవిడకి చూపు పోయింది గానీ చెవులు మాత్రం భలే చురుకు.

నేను బస్టాండులో మైకు ముందు కూర్చున్న రోజులు గుర్తున్నాయా? అత్తయ్య ఎంత మురిసిపోయేవారు. "నా కోడలు చెబితేగానీ బస్సు కదలదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. నీటికాసులొచ్చి చూపు పోయాక మరీను. నేను "అత్తయ్యా" అంటేనే ఆవిడకి తెల్లారినట్టు. ఆవిడకి నా మొహం ఏనాడో చెరిగిపోయింది వదినా. నేనంటే గొంతే.

గొంతులో గడ్డ తీసెయ్యాలి, మాట మునుపటిలా రాకపోవచ్చు అని డాక్టరు చెప్పిన రోజు నాకంటే మీ తమ్ముడే ఎక్కువ బెంబేలెత్తాడు. ప్రేమతోనే చేశాడు, కాదనను. బీరువా ఉన్న గదిలో గోడలకి దుప్పట్లు కట్టి, మైకు పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. చదువు, చదువు అని ఒకటే పోరు. పేపరు చదివాను, పిల్లల కథలు చదివాను. నవ్వమన్నాడు. దగ్గమన్నాడు కూడా. నా గొంతంతా వడగట్టి చెంబంత డబ్బాలో పోశాడనుకో. "నువ్వు టైపు చేస్తే ఇది నీ గొంతుతో పలుకుతుంది" అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది.

నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మ బెంగపెట్టుకోకూడదని, తనంతట తనే మాట్లాడే తెలివి కూడా పెట్టించాడు దానికి. ఏఐ అంటారే, అదే. మనింటి మెసేజీలన్నీ, నేను పంపిన వాయిస్ మెసేజీలన్నీ దానికి మేతేశాడు. ఎవరికి ఏ మందో, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో అన్నీ దానికి తెలుసు. తీసుకెళ్ళి ఆవిడ మంచం పక్కన పెట్టాడు. ఆవిడ "అమ్మాయీ" అంటే చాలు, "ఆఁ, చెప్పండత్తయ్యా" అంటుంది. అచ్చం నేనే.

నేను ఇంటికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని "అత్తయ్యా" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ఎవర్రా ఈ మనిషి?" అన్నారు. "అమ్మా, నీ కోడలే, గొంతు పాడైంది" అని మీ తమ్ముడు చెప్పాడు. అయ్యో అని నా తల నిమిరారు కూడా. ఇంతలో ఆ డబ్బా "అత్తయ్యా, మందు వేసుకునే వేళైంది" అంది.

ఆవిడ మొహం అటు తిరిగిపోయింది. "అదిగో, నా కోడలు లోపలుంటే నన్ను ఆటపట్టిస్తున్నావా?" అని కొడుకుని కోప్పడ్డారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇప్పుడు నమ్ముతారు, కాసేపటికి మర్చిపోతారు. వయసు. చివరికి మీ తమ్ముడే విసిగిపోయి "నర్సనుకోనీలే కొన్నాళ్ళు, నీ గొంతు కాస్త తేరుకున్నాక చెబుదాం" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. కొన్నాళ్ళే కదా అనుకున్నాను.

నీకెలా చెప్పను? నేను నోరు మూసుకుని గిన్నెలు తోముతుంటాను. పక్కగదిలో నేను నవ్వుతుంటాను. ఆ నవ్వు ఇప్పుడు నా దగ్గర లేదు వదినా. ప్రయత్నించి చూశాను, గాలే వస్తుంది. చేతుల్లో గిన్నె అలా ఉండిపోతుంది. పోయినవాళ్ళ గొంతు వినబడితే భయం వేస్తుందంటారు. బతికుండి నా గొంతే నేను వినాల్సొచ్చింది, అదీ నేను అనని మాటలతో.

నీళ్ళు ఇటివ్వు. ఆఁ, చాలు.

ఓ రోజు ఆవిడకి తల దువ్వుతూ, ఉండబట్టలేక ఆవిడ చెయ్యి తీసుకుని నా మొహం మీద పెట్టుకున్నాను. నుదురు తడిమారు, ముక్కు తడిమారు. "నర్సమ్మా, నీ ముక్కు అచ్చం మా అమ్మాయి ముక్కే" అన్నారు. డబ్బా వైపు తిరిగి "వింటున్నావా అమ్మాయీ?" అని నవ్వారు. అది కూడా నవ్వింది.

ఇంకోసారి నాతో రహస్యం చెప్పినట్టు చెప్పారు. "మా కోడలికి ముందు కాస్త విసుగెక్కువ. ఈమధ్య ఎంత నెమ్మదైపోయిందో. అడిగిందే వందసార్లు అడిగినా విసుక్కోదు." ఆవిడకి పక్క మార్చేది నేను, ఒళ్ళు తుడిచేది నేను, ముద్ద ముద్దకీ బతిమాలి తినిపించేది నేను. పేరు మాత్రం దానిది.

నవ్వు వస్తే నవ్వు, ఏమనుకోను. వీటన్నిటికీ నేను దాన్ని ఆపలేదు.

నువ్వు కాన్పై ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? ఇల్లంతా జనం. ఆ పొద్దున మా ఊరి నుంచి ఫోనొచ్చింది, మా నాన్నకి బాగాలేదు, నన్ను చూడాలంటున్నాడని. ఎత్తింది అత్తయ్య. నాకు చెప్పలేదు. నేను పొద్దంతా అందరికీ వండి వడ్డించి, నీ బిడ్డకి నీళ్ళు పోశాను. మర్నాడు మా అన్న మళ్ళీ ఫోన్ చేశాడు. అప్పటికి నాన్న లేడు.

ముందురోజు పొద్దున్నే చేశాం, పెద్దావిడెవరో ఎత్తారు అని మా ఊళ్ళో పక్కింటివాళ్ళు నాతో అన్నారు. నేనెప్పుడూ ఆవిడని అడగలేదు. ఆవిడే చెప్తారని చూశాను. ఇన్నేళ్ళూ చూశాను.

నీకు తెలుసా ఆ సంగతి? వద్దు, చెప్పకు.

మొన్న మధ్యాహ్నం జావ కలిపి గిన్నె పట్టుకెళ్తుంటే లోపల్నుంచి ఆవిడ గొంతు. "అమ్మాయీ, నీకో మాట చెప్పాలి. ఆ రోజు మీ నాన్న గురించి ఫోనొస్తే నేనే దాచాను. ఇంటినిండా జనం, నువ్వు వెళ్తే ఎలా అనుకున్నాను. సాయంత్రం చెప్దామనుకున్నాను. చెప్పడానికి మొహం చెల్లలేదు. నా మీద కోపం ఉందా తల్లీ?"

గుమ్మంలోనే ఆగిపోయాను. నోరు తెరిచాను కూడా.

ఆ డబ్బా నాకంటే ముందు పలికింది. "అయ్యో, కోపమెందుకత్తయ్యా? అదెప్పుడో మర్చిపోయాను. మీరు హాయిగా పడుకోండి."

నా గొంతుతో. నేను మైకులో చివరి బస్సు చెప్పేటప్పుడు ఎంత మెత్తగా పలికేదాన్నో, అంత మెత్తగా.

ఆవిడ కళ్ళు తుడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ మొహం. నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది, దానికి బదులు కూడా అయిపోయింది, మధ్యలో నేను లేను. జావగిన్నె పక్కన పెట్టి, వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

నిద్ర లేచి పిలిచారు. "అమ్మాయీ" అని. పలకలేదు కదా. మళ్ళీ పిలిచారు. నన్ను చూసి, అదే, నా అడుగుల చప్పుడు విని, "నర్సమ్మా, మా కోడలు పలకట్లేదు. నేను చెప్పినదానికి లోపల్లోపల కోపం వచ్చినట్టుంది" అన్నారు. అప్పట్నుంచి ముద్ద ముట్టట్లేదు. ప్లగ్గు పీకిన చప్పుడు ఆ చెవులకి అందే ఉంటుంది, తర్వాత అది గుర్తొచ్చి నర్సమ్మే ఆపేసిందని నీకు ఫోన్ చేసినట్టున్నారు.

నేనేం రాయిని కాదు. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, ఈ ఉన్న గొంతుతోనే చెప్పాను. "అత్తయ్యా, నేనే. నాకు కోపం ఉంది. మా నాన్న నన్ను చూడాలని అడుగుతూ అడుగుతూ పోయాడు. నేను మర్చిపోలేదు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. మెల్లిగా నిమిరారు. "పాపం, నీకూ అలాగే జరిగిందా నర్సమ్మా?" అన్నారు.

ఏడవకు వదినా. నువ్వు ఏడిస్తే నేను మాట్లాడలేను.

నీతో అనకూడదు గానీ అంటున్నాను. ఆవిడ అలా పిలుస్తూ, బదులు రాక మంచం పట్టె తడుముకుంటుంటే నాకు జాలి వెయ్యలేదు. నా కోపం ఇన్నాళ్ళకి ఆవిడ దాకా చేరిందిలే అనిపించింది. అందుకే పెట్టలేదు ప్లగ్గు. మీ తమ్ముడితో పాడైపోయిందని చెప్పాను.

లేస్తున్నావా? వెళ్ళు. ప్లగ్గు మంచం తలవైపు ఉంది, కిందకి వంగితే చేతికి తగులుతుంది. అడ్డు రాను. ఆవిడ తినాలి కదా. నువ్వు పెట్టగానే కోపం ఉందా అని మళ్ళీ అడుగుతారు, ఆ డబ్బా మళ్ళీ మర్చిపోయానంటుంది. అంత తియ్యగా నేనైతే అనలేను.

ఒక్క నిమిషం ఆగు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. ఆ మాట ఇంకోసారి వింటే, నేనే అన్నానని నాకే నమ్మకం కుదిరేలా ఉంది.