తాడు కాడ బామ్మర్ది

జీపు దిగినకాడి నుంచి చూస్తున్నా, మీ చూపంతా ఆ చరియ మీదున్న చింతచెట్టు మీదే. తాడుచింత అంటారు దాన్ని. ఫారెస్టోళ్ళు అక్కడ వ్యూపాయింటని బోర్డు పెట్టారంట, పెట్టుకోనీ. మా గూడెంలో ఒక్కడూ దాని కాయ నోట పెట్టడు. ఎందుకో వింటారా, ఆ కెమెరాలు తుడుచుకుంటా కూచుంటారా?

ఆ చెట్టుకి తాడు చుట్టి, చరియలోకి దిగి తేనెపట్టు కోసేవాళ్ళు మావాళ్ళు. పైన తాడు కాడ కొస పట్టుకుని కాపలా ఉండేది మాత్రం దిగినోడి బామ్మర్దే. అన్నదమ్ముణ్ణి కూచోబెట్టం. ఎందుకా? అన్న చస్తే తమ్ముడికి వదిన దక్కినా దక్కుతది. బావ చస్తే బామ్మర్దికి దక్కేదేముంది, ముండమోసిన అక్క తప్ప?

బయన్న అని ఒకడుండేవాడు. వాడి బామ్మర్ది ఈదన్న ఒకనాడు జొరమొచ్చి పడుకుంటే, ఒక్క పూటకేమైతదిలే అని సొంత తమ్ముడు నాగుల్ని వెంట తీసుకుపోయాడు. సాయంత్రం నాగులొక్కడే వచ్చి తాడు తెగిందన్నాడు. శవం కూడా దొరకలా. ఏడాది తిరక్కుండా పెద్దలు బయన్న పెళ్ళాన్ని, అంటే ఈదన్న అక్కని, ఆ నాగులికే కట్టబెట్టారు. కట్టుకున్నాడే గానీ నోరు తిరగలేదు వాడికి, పెళ్ళాన్ని కూడా వదినా వదినా అనే పిలిచేవాడు.

మళ్ళా తేనె కాలమొచ్చింది. ఇప్పుడు నాగులే బావ గదా, వాడు దిగాడు, ఈదన్న పైన కూచున్నాడు. పట్టపగలయ్యా. కాసేపటికి తాడు రెండుసార్లు కదిలి, కింద నుంచి "పైన ఎవుర్రా?" అని వినబడింది. నాగులు గొంతు కాదది, బయన్న గొంతు. ఈదన్న చరియ అంచుకి వంగి, నేనే బావా, ఈదన్నని, అన్నాడు. అంటే ఆ గొంతు, నువ్వయితే మంచిదేరా, ఆ పొద్దు తాడు తెగలేదు, వీడు కోసినాడు, వదిలెయ్, అన్నదంట. అక్కడే వేలాడుతున్న నాగులు, వదలబాకురా, మీ అక్క మొహం చూడరా అని ఒకటే ఏడుపు. కోశావా అని ఈదన్న అరిస్తే, వాడు కాదన్లేదయ్యా, అదీ!

ఏం చెయ్యాల? వదిలితే అక్క రెండోసారి ముండమోస్తది. లాగితే బావని చంపినోడు ఇంటికొస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈదన్న తాడు కొయ్యడానికి కత్తి కూడా తీశాడు. తీసి, మళ్ళా అక్క బోడిచేతులు గుర్తొచ్చి, కత్తి అవతల పారేసి తాడు లాగినాడు. ఇద్దరి బరువుందంట. సగం దూరం వచ్చాక ఉన్నట్టుండి తేలికైపోయింది, అడుగున ఏదో పడిన చప్పుడైంది.

పైకొచ్చింది నాగులే. అదే మొహం, అదే గోచీ. గూడెం చేరి గుడిసె ముందు కూలబడి, "పొట్టీ, నీళ్ళు తే" అన్నాడు.

ఆమె చేతిలో కుండ జారి పగిలింది. ఆమెను పొట్టీ అని పిలిచినోడు ఈ లోకంలో ఒక్కడే, బయన్న. కెవ్వుమంటదనుకున్నాడు ఈదన్న. ఆమె ఇంకో కుండలో నీళ్ళు ముంచుకొచ్చి, ఇంత ఆలస్యమా, అంది. ఈదన్న మాత్రం చచ్చేదాకా ఆ బావ కళ్ళలోకి చూడలా.

ఇప్పటికీ ఆ చెట్టు కాడ నిలబడితే కింద నుంచి నాగులు గొంతు, పైన ఎవరు, లాగండి, అంటది. రేపు పోతామంటిరి గదా సార్లూ, పోండి, నాకేం. మీ పెళ్ళాం తమ్ముణ్ణి వెంట తెచ్చుకున్నారా? తెచ్చుకోకపోతే ఇక్కణ్ణుంచే ఫోటో తీసుకుని జీపెక్కండి.