మల్లెలు మానుకున్న కోమలి గారు

1994 జూలై 4వ తేదీ మధ్యాహ్నం, తిరుపతిలోని అద్దె ఇంటి గుమ్మంలో నిలబడి నియామక పత్రం విప్పిన శ్రీమతి కోమలి గారికి ఆనందంతో పాటే ఒక చిక్కూ ఎదురైంది. ఎమ్మెస్సీ చదివిన కోడలికి ఉద్యోగం వచ్చిందని వీధంతా చక్కెర పంచిన అత్తగారు వరదమ్మ గారు, ఆ ఉద్యోగం సత్యవేడు దగ్గరి మన అరుణానది ద్రాక్షాసవశాలలో అని తెలిసి నోరు నొక్కుకున్నారు.

"వైను రుచి సూసే పనా?"

"రుచి సూసి ఉమ్మేసేదే అత్తా, మింగేది లేదు."

"మింగనిదానికి జీతమిస్తారా? అయితే పో!"

చేరిన వారానికే కోమలి గారు తలలో పూలు మానుకున్నారు. మల్లెల పరిమళం ముందు గ్లాసులోని పండు వాసన నిలవదని ఆమె గ్రహించారు. "పూలు ల్యాకుండా ఏం పనికి పోతావే!" అన్న వరదమ్మ గారి నిష్ఠూరాన్ని ప్రతి ఉదయం చిరునవ్వుతో దాటుకొని బస్సెక్కేవారు.

మంచి వైన్‌కు తోటలోనే శ్రద్ధ మొదలు కావాలని నమ్మిన కోమలి గారు ప్రయోగశాలలో కంటే, మనకు ద్రాక్ష పండించి ఇచ్చే రైతు మునిరామయ్య గారి తోటలోనే ఎక్కువగా కనిపించేవారు. లేత గుత్తుల్లో సగం తీసేయమన్నప్పుడు ఆ పెద్దాయన తల్లడిల్లిపోయారు.

"కడుపు కోసినట్లుండాది తల్లీ!"

"మిగిలిన సగానికి రుచి దిగుతాది నాయనా, సూడు."

గింజ పచ్చగా ఉంటే ఆగమని, గోధుమరంగుకు తిరిగి పంటి కింద చిటుక్కుమంటే కోయమని ఆయనకు నేర్పింది కోమలి గారే.

2003లో ఆ తోట తొలి ఎర్రవైన్‌ను పరీక్షించడానికి చెన్నైలోని ఒక హోటల్ తరఫున గిరిప్రసాద్ గారు విచ్చేశారు. ఆయన కాదంటే ఆ ద్రాక్షను ఇక కొనబోమని మన యాజమాన్యం ముందే తేల్చింది. కొనకపోతే తీగలు పీకి మామిడి నాటుకోవడం తప్ప మునిరామయ్య గారికి మరో దారి లేదు. ఆ రోజు శుక్రవారం. అంతా శుభం జరగాలన్న ఆరాటంతో, అప్పటి కార్యాలయ నిర్వాహకులు దొరస్వామి గారు రుచిగదికి మల్లెదండలు కట్టించి మూలమూలనా సాంబ్రాణి వేయించారు. అతిథి గ్లాసును తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకొని, "సాంబ్రాణి తప్ప ఏమీ తెలియడం లేదండీ" అంటూ దించేశారు. గుమ్మం అవతల తువ్వాలు పిండుకుంటున్న మునిరామయ్య గారిని చూసిన కోమలి గారు వెంటనే దొరస్వామి గారి వైపు తిరిగారు.

"ఏమప్పా దొరస్వామీ, రుచిగదిని పూజగది చేసేసినావే!"

"శుక్రవారం గదమ్మా, మంచి జరగాలని..."

"జరుగుతాదిలే. సీసాలెత్తుకో, తోటకి పోదాం పా."

తీగల నీడలో కోమలి గారు గ్లాసు వెనుక తెల్లగుడ్డ పట్టి అతిథికి రంగు చూపించారు. మునిరామయ్య గారి భార్య అలివేలమ్మ గారు నాటుకోడి పులుసు వడ్డించగానే కోమలి గారు ఎర్రవైన్‌ను పక్కకు జరిపారు. దాని వగరు మిరపకాయ మంటను మరింత రేపుతుంది కనుక, ఆ పులుసుకు చల్లని, కాస్త తీపిగల తెల్లవైన్ అందించారు. ఎర్రదానికి మాత్రం కొవ్వుతో వేగి, కారం తక్కువ పడిన పొట్టేలు వేపుడును, రాగి సంగటిని జతచేశారు. గిరిప్రసాద్ గారు రెండోసారి వేపుడు వేయించుకున్నారు, ఉమ్మడం మరిచిపోయారు! ఆ సాయంత్రమే హోటల్ కొనుగోలు ఖాయమైంది. ఆ తీగలు నేటికీ కాస్తున్నాయి.

2011లో ప్రధాన ఆసవ నిపుణురాలైన తరువాత కూడా కోమలి గారు తన దగ్గర పని నేర్చుకుంటున్న మాకు చెప్పింది ఒకటే: "నీకేం వాసనొచ్చిందో అదే సెప్పు, పుస్తకంలోది సెప్పొద్దు." ఒకసారి మాలో ఒకరు "కొత్త చీర మడత వాసన" అంటే గదంతా నవ్వింది. కోమలి గారు మాత్రం మళ్ళీ వాసన చూసి, "అవునే, గంజి పెట్టిన నగరి చీర!" అని మురిసిపోయారు. గ్లాసులో ఇంత సంతోషం ఉంటుందని మాకు తెలిసింది ఆమె దగ్గరే.

ఈ మే 31న పదవీ విరమణ చేస్తున్న కోమలి గారు ఆయురారోగ్యాలతో, తరగని రుచులతో, కుటుంబ సమేతంగా నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.

ఈ సంచిక అందరి చేతికందిన మరునాడే, అంటే రేపు ఉదయం, మునిరామయ్య గారి తోటలో మనందరికీ విందు. వంట అలివేలమ్మ గారిది. ఏ వంటకానికి ఏ వైనో తేల్చేది మేమేనట. "నన్నడగొద్దండి," అని కోమలి గారు ముందే చెప్పేశారు, "రేపు నాకు ఏ వాసనా తెలీదు. మా అత్త కట్టిన మల్లెపూలు తలనిండా పెట్టుకోని వస్తా ఉండా."