అసిరమ్మ బిందెలో గెడ్డ నీళ్ళు

సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్ దత్తాత్రేయ గారికి, వేదిక మీది పెద్దలకు, నరసన్నపేట అవతల మా ఊరి నుంచి ఆటోలెక్కి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న కెమిస్ట్రీ లెక్చరర్ బాలసరస్వతి మేడం గారికి వందనాలు. నేను పరంజ్యోతిని. మా ఊరి వడపోత గది తాళం నా దగ్గర ఉంటుంది. మైకు ముందు ప్రార్థన చెయ్యడమే తప్ప ప్రసంగం రాదు, మన్నించండి.

మనం మింగే మాత్రల్లోంచీ, పశువులకు వేసే సూదుల్లోంచీ హార్మోన్లు మురుగుతో కలిసి మా ఊరి వాగులోకి, అదే మా గెడ్డలోకి చేరుతున్నాయనీ, చెరువెడు నీళ్ళలో ఆవగింజంత కలిసినా చేపలకు చేటు చేస్తాయనీ, కాచినా పోవనీ, సన్నటి పొర గుండా నీటిని గట్టిగా తోస్తే ఇవతలే ఆగిపోతాయనీ మేడం చెప్పి, ఆ పొరల యంత్రాన్ని మా ఊరి వడపోత గదిలో పరీక్షకు పెట్టించారు.

యంత్రం దగ్గర పట్టిన నీళ్ళు బాగానే ఉన్నాయి. ఇళ్ళలో బిందెల్లోంచి తీసిన నీళ్ళలో మాత్రం హార్మోన్లు కనబడ్డాయి. యంత్రం ఇచ్చినవాళ్ళు, పనికిరాలేదు, విప్పి పట్టుకుపోతామన్నారు. ఆ వారమంతా చర్చిలో నేను యంత్రం కోసమే మోకరించాను. (నవ్వులు) నవ్వండి గానీ, నిజం.

కారణమేమిటో చూద్దామని మేడం నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ అసిరమ్మ వంటింట్లో కూర్చున్నారు. ఆవిడ కళ్ళెదుటే అసిరమ్మ బిందెలోకి చెంబెడు గెడ్డ నీళ్ళు వంపింది.

"అదేటే అసిరమ్మా!" అన్నాను.

"నీ గది నీల్లు సప్పగుంటన్నాయొదినా. గెడ్డ నీల్లు కలపకపోతే గొంతు దిగవు. ఊరంతా కలుపుతన్నాది, నన్నొక్కదాన్నే అడుగుతావేటి?"

(నవ్వులు) తల దించుకోకు అసిరమ్మా, ఇక్కడ నిన్ను తప్పుపట్టేవాళ్ళు లేరు.

నేను కోప్పడబోతే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు. గదిలోంచి తెచ్చిన నీళ్ళు ఒక గుక్క తాగి, "నిజమే, పొర ఉప్పుల్ని కూడా ఆపేస్తోంది. ఇన్నాళ్ళూ పరీక్షించానే గానీ, ఒక్కసారి తాగి చూడలేదమ్మా" అన్నారు. తర్వాత పొర దాటిన నీటిని సున్నపురాళ్ళ మీదుగా పారించి రుచి తెప్పించారు. గెడ్డ చెంబులు ఆగాయి, బిందెల్లో నీళ్ళు బాగుపడ్డాయి. విప్పడానికి వచ్చినవాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

అమ్మా, రేపటి నుంచి మీరు రారంటే నాకు భయంగా ఉంది. మీరు నేర్పినట్టే పొరలు కడుగుతున్నాను గానీ, సరిగ్గా చేశానని చెప్పేదెవరు?

మీ ముందున్న గ్లాసులో నీళ్ళు ఈ పొద్దున నేను వడకట్టినవి. అసిరమ్మ మోసుకొచ్చింది. ఏమీ కలపలేదంటోంది. ఒక్క గుక్క తాగి చెప్పండి.

(మేడం గ్లాసంతా తాగి, మళ్ళీ పొయ్యమని అసిరమ్మ వైపు చాపారు. చప్పట్లు)

ఇది చాలు నాకు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. గది తాళం తియ్యాలి, నాకు సెలవు.