క్రోటను మీద ఊచల నీడ

తన కూతురు కూడా గుమ్మాన్ని గోడే అనుకుని పెరుగుతుందేమోనన్నది ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం. మొగుడు ఖరగ్‌పూరు రైల్వే పనికి పోతూ, తను వచ్చేదాకా గడప దాటొద్దన్నాడు. అప్పటినుంచీ పొందూరులోని ఆ ఇంటి కిటికీ దగ్గర, చిన్నప్పుడు తనని బడి మానిపించిన నాటి రంగులపెట్టె ముందేసుకుని, కుండీలో ఉన్న క్రోటను మొక్క బొమ్మే వేస్తోంది. అత్త వెనక నిలబడి చూసింది.

“రోజూ అదే మొక్కేటే? దానికేటి పెళ్లిసూపులా?”

“ఈ గదిలో ఇంకేటి కనిపిస్తాది అత్తా?”

“బాగానే ఉన్నాది గానీ, ఆకుల మీద ఈ నల్లసారలేటి?”

“కిటికీ ఊసల నీడ.”

“తుడిసెయ్.”

“నీళ్లరంగత్తా. కాయితం పీల్చేసుకున్నాది, ఇంక పోదు.”

“అయితే నీడ లేకుండా మరోటి ఎయ్యి. గోడకంటించి వచ్చినోళ్లకి సూపింతాను.”

“ఇక్కడుంటే నీడ పడకుండా ఎలాగుంటాది? వీధరుగు మీదైతే మంచి ఎండుంటాది.”

“సరే, అక్కడే పెడదాం.”

ఆమె కుంచె ఆగిపోయింది. “నేనూ వచ్చి అరుగు మీద కూసుని ఏసుకోనా అత్తా?”

“మొక్కని పెడదామన్నాను గానీ నిన్ను కాదు. కుండీ నేనట్టుకెళ్తాను.”

“పోనీ, సంటిదాన్నైనా ఆడనియ్యి.”

“దాన్నెవరొద్దన్నారు? రావే బంగారం, రా!”

పిల్ల పాకుతూ పోయి గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి అమ్మ ముఖంకేసి చూసింది.

“పోవే అమ్మా, పో.”

పిల్ల కదల్లేదు.

మీరెవరైనా పొందూరు వెళ్తే, అరుగు మీద క్రోటను కనిపించే ఇల్లు అదే. మొక్క బాగుందని చెప్పి వచ్చేయకండి. లోపలికి తొంగిచూసి, ఆ పిల్ల గడప దాటిందో లేదో కనుక్కోండి.